రబ్బరు బలానికి గడువుంది

వంకరగా వచ్చిన పళ్లను వరసలోకి తెచ్చే వైద్యంలోనే నా జీవితం గడిచింది. జనం దీన్ని క్లిప్పులు వేయడం అంటారు. బ్రాకెట్ల గురించీ తీగల గురించీ మా చదువులో ఎంతో చెబుతారు. రబ్బరు దగ్గరికి వచ్చేసరికి విద్యార్థులు పేజీ తిప్పేస్తారు. కానీ పన్ను తీసిన చోట ఖాళీ మూసేది, కోరపన్నును వెనక్కి తెచ్చేది, పై పళ్లకూ కింది పళ్లకూ పొత్తు కుదిర్చేది చాలావరకు ఆ చిన్న రబ్బరే. దాన్ని నేను చాలాకాలం చులకనగానే చూశాను. ఆ నష్టం నా కుర్చీలో కూర్చున్న పిల్లలకు జరిగింది. ముగియాల్సిన వేళకు వైద్యం ముగియలేదు, నెలలు వృథాగా పోయాయి. ఈ వృత్తిలోకి కొత్తగా అడుగుపెడుతున్నవాళ్లకు ఆ సంగతులు చెప్పాలనిపించి ఇవి రాస్తున్నాను. క్లిప్పులు వేసుకున్నవాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు చదివినా మేలే.

1. రంగు చూసి బలం అంచనా కట్టకూడదు.

మన ఇళ్లలో పసుపు లేని వంట అరుదు. పళ్లలో కలిసిపోవాలని బ్రాకెట్లకు తొడిగే రబ్బరు చైన్‌ను రంగులేనిది వేసి పంపిస్తే, పులిహోర వండిన పండగ మర్నాటికి అది పసుపుపచ్చగా తేలుతుంది. "డాక్టరుగారూ, రబ్బరు పాడైపోయింది, మార్చాలి" అని తల్లులు కంగారుగా ఫోన్ చేసేవారు. నేను మార్చి పంపేవాణ్ని. పక్క కుర్చీలో తెల్లగా మెరుస్తున్న చైన్‌ను మాత్రం బాగానే ఉందని మరో నెల వదిలేసేవాణ్ని. రెండు నిర్ణయాలకూ ఆధారం లేదు. పసుపు రంగు చైన్ లోపలికి ఇంకుతుంది, అంతే. దాని లాగే శక్తి ఎంత మిగిలిందో రంగు చెప్పదు. బలం పూర్తిగా సడలిన చైన్ కూడా బ్రాకెట్లను పట్టుకుని వేసిన రోజులాగే కనిపిస్తుంది. తెగదు, వేలాడదు, నొప్పి పుట్టించదు. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

బలం కొలవడానికి డాంట్రిక్స్ గేజ్ అని పెన్ను ఆకారంలో చిన్న స్ప్రింగు పరికరం ఉంది. చదువుకునే రోజుల్లో పరీక్షలప్పుడు తప్ప దాన్ని డ్రాయర్ నుంచి తీసేవాళ్లం కాదు. మీరు దాన్ని చేతికి అందేచోట పెట్టుకోండి. పాత చైన్ తీసే ముందు ఒకసారి, కొత్తది వేశాక ఒకసారి కొలవండి. కొన్ని నెలలు అలా చేస్తే ఏ చైన్ ఎంత నిలుస్తుందో మీ చేతికే తెలుస్తుంది. అమ్మకానికి వచ్చినవాళ్ల మాట మీద ఆధారపడక్కర్లేదు.

2. బలం తగ్గడం మొదటి గంటలోనే మొదలవుతుంది.

నెలకోసారి రమ్మంటాం కాబట్టి చైన్ నెలంతా ఒకేలా లాగుతుందని రోగి అనుకుంటాడు. మా తరం డాక్టర్లలోనూ చాలామంది అలాగే అనుకున్నారు. నిజం వేరు. సాగదీసి పెట్టిన పాలియురేథేన్ చైన్ మొదటి 24 గంటల్లోనే తన బలంలో సగమో అంతకన్నా ఎక్కువో పోగొట్టుకుంటుంది. అందులోనూ పెద్ద నష్టం తొలి గంటలోనే. ఆ తర్వాత తగ్గుదల నెమ్మదిస్తుంది. నాలుగు వారాలకు మొదటి బలంలో మూడో వంతు, కాస్త అటూ ఇటూగా, మిగులుతుంది. తయారీని బట్టి ఈ అంకెలు మారతాయి గానీ తగ్గే తీరు మారదు. 300 గ్రాముల లాగుడుతో చైన్ వేశామనుకోండి. మర్నాటికది 150 దరిదాపుకు దిగుతుంది. నెల తిరిగేసరికి 100 దగ్గర ఉంటుంది. పైగా పన్ను జరిగి ఖాళీ తగ్గే కొద్దీ చైన్ సాగి ఉండే దూరం కూడా తగ్గుతుంది, కాబట్టి బలం ఇంకాస్త దిగుతుంది.

కారణం ఆ పదార్థంలోనే ఉంది. పాలియురేథేన్ అంటే పొడవైన అణుగొలుసులు చిక్కుపడి ఉండే పదార్థం. సాగదీసి అలాగే పట్టి ఉంచితే ఆ గొలుసులు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. జారినవాటిలో చాలా భాగం పాత చోటికి తిరిగి రాదు. పాత నిక్కరు నడుముకున్న ఎలాస్టిక్ సాగిపోయినట్టు ఇదీ సాగిపోతుంది, అక్కడ ఏళ్లు పట్టేది ఇక్కడ గంటల్లో జరుగుతుంది. నోటి వేడి 37 డిగ్రీలు. దానికి తోడు లాలాజలంలోని నీరు అణుగొలుసుల మధ్యకు చేరి వాటిని పట్టి ఉంచే బంధాలను బలహీనపరుస్తుంది. బల్ల మీద పొడిగా సాగదీసి ఉంచిన చైన్ కన్నా తడిలో ఉంచినది త్వరగా నీరసించేది అందుకే.

పై దవడ నుంచి కింది దవడకు తగిలించే లాటెక్స్ రబ్బరు ఈ విషయంలో కొంత నయం. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ పచ్చి రబ్బరును గంధకంతో కలిపి వేడి చేసే పద్ధతి కనిపెట్టాడు. గంధకం రబ్బరు అణుగొలుసుల మధ్య అడ్డంగా ముడులు వేస్తుంది, అందువల్ల అవి అంత సులువుగా జారవు. అయినా 24 గంటల్లో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా బలం తగ్గడం మామూలే. మాట్లాడుతూ, ఆవలిస్తూ నోరు తెరిచి మూసినప్పుడల్లా రబ్బరు సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది, ఆ శ్రమ కూడా దాని మీద పడుతుంది. రోజూ కొత్తది పెట్టుకోమని చెప్పడానికి కారణం ఇదే. ఈ కారణం విడమరిచి చెప్పకపోతే, తెగేదాకా పాతదే వాడడం పొదుపని పిల్లలు అనుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం.

తొలి నష్టాన్ని కొంత తప్పించడానికి చైన్‌ను వేసే ముందు ఒకసారి సాగదీసి వదలడం మంచి అలవాటు. ఖాళీ పెద్దదై, రోగి తరచూ రాలేని పరిస్థితి ఉంటే నికెల్ టైటానియం స్ప్రింగు మేలు. ఖర్చు ఎక్కువే, కానీ అది నెలల తరబడి దాదాపు ఒకే బలంతో లాగుతుంది. ఆ మాట రోగికి చెప్పి, ఎంచుకునే అవకాశం వాళ్లకే ఇవ్వండి.

3. ఎక్కువ లాగినంత మాత్రాన పన్ను తొందరగా రాదు.

బలం ఎలాగూ సగం పోతుంది కదా, రెట్టింపు పెట్టి పంపితే సరిపోతుంది అన్నది నా తొలి ఏళ్ల లెక్క. తొందరపడే డాక్టరుకు ఆ లెక్క చాలా సబబుగా కనిపిస్తుంది. పంటి వేరుకూ ఎముకకూ మధ్య పావు మిల్లీమీటరు దరిదాపు మందంలో సున్నితమైన పొర ఉంటుంది. పన్ను కదలాలంటే ఆ పొరలో రక్తం ఆడాలి. బలం మితిమీరితే రక్తనాళాలు నొక్కుకుపోతాయి, అక్కడి కణజాలం చచ్చి గాజులా మారుతుంది. స్వీడన్‌కు చెందిన సాండ్‌స్టెట్ 20వ శతాబ్దం మొదట్లోనే కుక్కల పళ్ల మీద ప్రయోగాలు చేసి ఈ మార్పును వర్ణించాడు. ఆ చచ్చిన భాగాన్ని శరీరం శుభ్రం చేసుకునేదాకా, అంటే వారాల పాటు, పన్ను ఉన్నచోటే నిలిచిపోతుంది. సన్నటి రక్తనాళాల్లో ఉండే ఒత్తిడిని మించకుండా పన్నును నొక్కాలని, అది చదరపు సెంటీమీటరుకు 20 నుంచి 26 గ్రాములని ష్వార్జ్ 1932లో చెప్పాడు. నేటి అవగాహన ఆ అంకెల దగ్గరే ఆగిపోలేదు గానీ, అందులోని హెచ్చరిక ఇప్పటికీ చెల్లుతుంది.

1952లో ఆస్ట్రేలియాలో స్టోరీ, స్మిత్ అనే ఇద్దరు చూపించిన విషయం నాకు ఇంకా ముఖ్యమైనది. బలం ఎక్కువైనప్పుడు కోరపన్ను నిలిచిపోయి, దానికి ఆసరాగా పెట్టుకున్న దవడపళ్లే ముందుకు జరిగాయి. ఇది చదివి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్నే, సొంతంగా కుర్చీ పెట్టుకున్నాక మరిచిపోయాను. ఎత్తుపళ్లు వెనక్కి వెళ్లాల్సిన ఖాళీని దవడపళ్లు ముందుకొచ్చి తినేశాయి. పళ్లు తీయించుకుని కూడా ఎత్తు పూర్తిగా తగ్గని పిల్లలు నా చేతి కింద ఉన్నారు. ఒక అబ్బాయికి ముందుపళ్ల వేళ్లు ఎక్స్‌రేలో మొండిగా, పొట్టిగా కనిపించిన రోజు నాకు నిద్ర పట్టలేదు. వేరు అరగడానికి ఇంకా కారణాలు ఉండవచ్చు. కానీ నేను పెట్టిన బలం అందులో లేదని చెప్పే ధైర్యం నాకు లేదు.

బలం పోతుందన్న భయానికి మందు, కొలిచి తేలికపాటి బలం పెట్టి వేళకు మార్చడమే. పిల్లలు కూడా ఈ తొందరలోనే ఒక రబ్బరు బదులు రెండు పెట్టుకుంటారు. చెప్పకుండా చేస్తారు. వచ్చినప్పుడల్లా అడగండి.

4. రబ్బరును కాపాడుకోవడానికి బ్రష్ చేయడం తగ్గించకూడదు.

గట్టిగా తోముకుంటే రబ్బరు సాగిపోతుందా అని తల్లిదండ్రులు తరచూ అడుగుతారు. జవాబు చెప్పేముందు రెండు రకాల రబ్బర్లను వేరుచేయాలి. రోగి తానే తగిలించుకునే లాటెక్స్ రబ్బరును బ్రష్ చేసేటప్పుడు తీసేయాలి, తోముకోవడం అయ్యాక మళ్లీ పెట్టుకోవాలి. కాబట్టి బ్రష్ దాన్ని తాకనే తాకదు. మేము బ్రాకెట్లకు తొడిగే చైన్, తీగను పట్టి ఉంచే చిన్న రింగులు వేరు. వాటిని రోగి తీయలేడు. మళ్లీ మా దగ్గరికి వచ్చేదాకా పూటపూటా బ్రష్ కుచ్చు వాటి మీదుగానే నడుస్తుంది.

కుచ్చు తగిలినప్పుడల్లా చైన్ లంకె కాస్త సాగి వెనక్కి వస్తుంది. పళ్లకు మెరుగు పెట్టడానికి టూత్‌పేస్టులో కలిపే సిలికా, కాల్షియం కార్బనేట్ లాంటి గరుకు పదార్థాలు దాని పైపొరను రాపాడతాయి. ఈ నష్టాన్ని తేల్చడానికి ప్రయోగశాలల్లో చైన్లను మేకుల మధ్య సాగదీసి, 37 డిగ్రీల వేడిలో కృత్రిమ లాలాజలంలో ఉంచుతారు. కొన్నిటిని యంత్రంతో బ్రష్ చేయిస్తారు, కొన్నిటిని ముట్టుకోరు. నిర్ణీత రోజులకు రెంటి బలాన్నీ కొలుస్తారు. బ్రష్ సోకని చైన్లు కూడా మొదటి రోజే సగానికి పడిపోతాయి. అంటే పెద్ద వాటా కాలానిదే. బ్రష్ తెచ్చే అదనపు నష్టం చైన్ తయారీని బట్టీ, రుద్దే ఒత్తిడిని బట్టీ, పేస్టు గరుకును బట్టీ ఉంటుంది. దాన్ని భరించడం కష్టమేమీ కాదు. చైన్‌ను మార్చగలం.

ఎనామిల్‌ను మార్చలేం. ఈ తేడా నాకు ఆలస్యంగా తెలిసివచ్చింది. పదేపదే చైన్ తెంచుకొస్తున్న ఒక కుర్రవాడితో, "అక్కడ అంత గట్టిగా రుద్దకు నాయనా" అన్నాను. అతను బుద్ధిమంతుడు, నా మాట విని అక్కడ తోమడమే మానేశాడు. చైన్ తెగలేదు, నేనూ సంతోషించాను. క్లిప్పులు తీసిన రోజు చూస్తే ఒక్కొక్క పన్ను మీదా బ్రాకెట్ ఉన్నంత మేర శుభ్రంగా ఉంది, దాని చుట్టూ తెల్లటి మచ్చలు. పాచిలోని సూక్ష్మజీవులు వదిలే ఆమ్లం ఎనామిల్ నుంచి ఖనిజాన్ని లాగేసిన గుర్తులవి. పాచి పేరుకున్న చోట అలాంటి మచ్చ ఏర్పడడానికి నాలుగు వారాలు చాలు. ఒకసారి చూపించుకుని మళ్లీ వచ్చేలోపే పని జరిగిపోతుంది. పలువరస అందంగా వచ్చింది, పళ్ల మీద మచ్చలు మిగిలాయి. ఆ తల్లి నన్నొక్క మాట అనలేదు.

ఇప్పుడు నేను చెప్పే మాట ఇది. మెత్తటి కుచ్చున్న బ్రష్, వీలైతే మధ్యలో గాడి ఉండేలా కుచ్చు కత్తిరించిన క్లిప్పుల బ్రష్, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడండి. బ్రాకెట్‌కు చిగురు వైపు ఒకసారి, పంటి అంచు వైపు ఒకసారి, కుచ్చును ఏటవాలుగా పెట్టి నింపాదిగా తోమండి. తీగ కిందికి చిన్న పుల్లబ్రష్ పోనివ్వండి. వేపపుల్ల, బొగ్గుపొడి, ఉప్పు మీద పెద్దలకు మమకారం ఉంటుంది. ఆ పెద్దలను నేనూ గౌరవిస్తాను. కానీ క్లిప్పులున్నన్నాళ్లు అవి పక్కన పెట్టాలి. పుల్ల తగిలి బ్రాకెట్ ఊడుతుంది, గరుకుపొడి పంటినీ చైన్‌నూ రెంటినీ గీరుతుంది. ఇంత జాగ్రత్తగా తోమినా చైన్ తెగితే తెగనివ్వండి. తిట్టకుండా కొత్తది వేయడం మన పని.

5. మౌత్‌వాష్ సీసా మీద రాసింది చదివించాలి.

ఆల్కహాల్ కలిసిన మౌత్‌వాష్‌లు పాలియురేథేన్ చైన్ బలాన్ని మామూలు నీటి కన్నా ఎక్కువగా తగ్గిస్తాయని ప్రయోగాల్లో తేలింది. పిల్లలకు అవి ఎలాగూ తగవు. పుక్కిలించే మందు అవసరమైతే ఆల్కహాల్ లేనిది రాయండి. ఎన్ని రోజులు వాడాలో కూడా రాయండి. పుక్కిలిస్తే తోముకున్నట్టే అనుకునేవాళ్లు చాలామంది.

6. నోట్లో లేని రబ్బరుకు ఎంత బలమున్నా ఒకటే.

పై దవడకూ కింది దవడకూ రబ్బరు తగిలించే ఆలోచన నేటిది కాదు. 1893లో అమెరికాలో హెన్రీ బేకర్ దాన్ని వాడిన తీరు చూసి, మా శాస్త్రానికి పెద్దదిక్కు అయిన ఎడ్వర్డ్ ఏంగిల్ దానికి బేకర్ పేరే పెట్టాడు. అదే కాలంలో కాల్విన్ కేస్ కూడా ఆ పద్ధతిని వాడాడు. అప్పటికీ ఇప్పటికీ మారనిది ఒక్కటే. రబ్బరు తగిలించుకునే చెయ్యి రోగిది. భోజనం, బ్రష్ వేళలు తప్ప రోజంతా పెట్టుకుంటేనే పని జరుగుతుంది. రాత్రిపూట మాత్రమే పెట్టుకుంటే పళ్లు వచ్చినంతా వెనక్కిపోతూ నొప్పి మాత్రం మిగులుతుంది.

మన దగ్గర క్లిప్పుల వయసూ ఇంటర్మీడియట్ వయసూ ఒకటే. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో రెసిడెన్షియల్ కాలేజీలో చేరిన పిల్లలకు నెలకోసారి బయటికి రావడం కష్టం. పండగ సెలవులకు ఇంటికొచ్చినప్పుడే మన ముఖం చూస్తారు. నెలకు వేసిన చైన్ మూడు నెలలు నోట్లో ఉంటుంది. అలా చదువుకుంటున్న ఒక అమ్మాయి పై పళ్లు ఎంతకీ వెనక్కి రాలేదు. రబ్బర్లు పెట్టుకోవడం లేదని నేను నిర్ణయించేసుకున్నాను. "పెట్టుకుంటున్నాను డాక్టరుగారూ" అంటే, తల్లి ముందే అబద్ధమాడుతున్నావని కోప్పడ్డాను. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగితే తెలిసింది, నేనిచ్చిన ప్యాకెట్ ఎప్పుడో అయిపోయింది. బయటికెళ్లి కొనుక్కునే వీల్లేదు, ఇంటికి ఫోన్ చేసే వంతు వారానికోసారి. ఆఖరి జతను కడుక్కుని, దాచుకుని, రోజుల తరబడి అదే పెట్టుకుంటూ వచ్చింది. చెప్పినదానికన్నా ఎక్కువ శ్రద్ధే చూపింది. నోట్లో రబ్బరు ఉంది, అందులో బలం లేదు. నేను కోప్పడాల్సింది నా లెక్క మీద. వచ్చే సెలవుల దాకా ఎన్ని రబ్బర్లు కావాలో చూసుకోకుండా చేతికందిన ప్యాకెట్ ఇచ్చి పంపాను.

అప్పటినుంచి పిల్లలు ఎక్కడ చదువుతున్నారు, మళ్లీ ఎప్పుడు వస్తారు అని అడిగాకే ప్యాకెట్లు లెక్కబెట్టి ఇచ్చాను. హాస్టల్ వార్డెన్‌కు చీటీ రాసిచ్చాను. పళ్లు కదలకపోతే పిల్లల మీద అనుమానం తర్వాత. ముందు రబ్బరు ఏది, ఎన్నాళ్లది, ఎక్కడ తగిలిస్తున్నారు అన్నది కనుక్కోండి. అద్దం ఇచ్చి ఎదురుగా పెట్టించుకోమనండి. కొక్కెం మార్చి తగిలించుకుంటున్నవాళ్లూ ఉంటారు.

7. ప్యాకెట్‌లో ఉన్న రబ్బరుకూ వయసుంటుంది.

వాడని రబ్బరు పాడవదనుకోవడం పొరపాటు. వేడి, వెలుతురు, గాలిలోని ఓజోన్ సహజ రబ్బరును పెళుసుగా మారుస్తాయి, సన్నటి పగుళ్లు తెస్తాయి. మన మే నెల ఎండల్లో కారు అద్దం కింద, బండి డిక్కీలో ప్యాకెట్ వదిలేస్తే అందులో రబ్బర్లు నోట్లో పెట్టగానే తెగుతాయి. తెగినవి కనీసం తెలుస్తాయి, తెగకుండా నీరసించినవి తెలియవు. ఆస్పత్రిలో సరుకు ఎక్కువగా కొని పోగుపెట్టవద్దు. గడువు తేదీ చూడండి. చల్లటి, చీకటి చోట ఉంచండి. చైన్ రీలును కూడా కిటికీ పక్కన వేలాడదీయవద్దు.

8. ప్యాకెట్ మీద జంతువు బొమ్మ కొలత కాదు.

పిల్లలు గుర్తుపెట్టుకోవడానికి వీలుగా కంపెనీలు నక్క, కుందేలు లాంటి బొమ్మలతో ప్యాకెట్లు అమ్ముతాయి. డాక్టర్లు కూడా బొమ్మ పేరు చెప్పి ఇచ్చేయడం చూశాను. ప్యాకెట్ మీద రెండు అంకెలుంటాయి, ఒకటి రబ్బరు లోపలి వ్యాసం, రెండోది బలం. ఆ బలం లోపలి వ్యాసానికి మూడింతలు సాగదీసినప్పుడు వచ్చేదని సాధారణ ఒప్పందం. అంగుళంలో 3/16 వంతు వ్యాసం, 4.5 ఔన్సుల బలం అని ఉంటే, దాదాపు 14 మిల్లీమీటర్ల దాకా సాగినప్పుడు సుమారు 128 గ్రాములు లాగుతుందన్నమాట. మీ రోగి నోట్లో ఆ కొక్కేల మధ్య దూరం 14 మిల్లీమీటర్లే ఉంటుందా? ఒకరికి 20, ఇంకొకరికి 30. అందుకే ఒకే ప్యాకెట్ ఇద్దరి నోట్లో ఒకే బలం ఇవ్వదు. స్కేలు పెట్టి దూరం కొలిచి, గేజ్ పెట్టి బలం చూసి ఇవ్వండి. ఈ పని ఎంతోసేపు పట్టదు.

9. లాటెక్స్ సంగతి మొదటి రోజే అడగాలి.

బెలూన్ ఊదితే పెదవులు దురద పెట్టాయా, గ్లవ్స్ తగిలితే దద్దుర్లు వచ్చాయా, చిన్నప్పటి నుంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగాయా అని అడగండి. పుట్టుకతో వెన్నెముక లోపమున్న పిల్లల్లో లాటెక్స్ అలర్జీ ఎక్కువ. అరటి, బొప్పాయి, కివీ పళ్లు పడనివాళ్లలో కొందరికి లాటెక్స్ కూడా పడదు. అనుమానముంటే లాటెక్స్ లేని రబ్బర్లు ఇవ్వండి. అవి మరికాస్త త్వరగా బలం కోల్పోతాయి కనుక తరచుగా మార్చుకోమని చెప్పండి.

10. ఉత్త పంటి చుట్టూ రబ్బరు ఎవరూ వేసుకోకూడదు.

ఇది డాక్టర్ల కన్నా పిల్లలకూ తల్లిదండ్రులకూ చెప్పాల్సింది. ముందుపళ్ల మధ్య సందు మూయడానికి ఆ రెండు పళ్ల చుట్టూ రబ్బరు బ్యాండు బిగిస్తే చాలని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. మొదటి రోజుల్లో పళ్లు నిజంగానే దగ్గరికి వస్తాయి. ప్రమాదం అక్కడే ఉంది. పంటి వేరు పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. పట్టి ఉంచే బ్రాకెట్ లేదు కాబట్టి రబ్బరు ఆ వాలు మీద జారి చిగురు కిందికి దూరిపోతుంది. కనిపించకపోయేసరికి నిద్రలో ఊడిపోయి ఉంటుందనుకుని ఇంకొకటి వేస్తారు. లోపలికి పోయిన రబ్బరు వేరు వెంట పాకుతూ పన్నును పట్టి ఉంచే పొరను, ఎముకను నాశనం చేస్తుంది. కాలంతో బలం తగ్గుతుంది కదా అన్న ఊరట ఇక్కడ పనికిరాదు. మిగిలిన కొద్దిపాటి బలమే అందుకు సరిపోతుంది. లాటెక్స్ ఎక్స్‌రేలో కనిపించదు. ఎముక కరిగిపోవడం మాత్రమే కనిపిస్తుంది, దాన్ని చిగుళ్ల జబ్బుగా పొరబడే అవకాశముంది. అలా రెండు ముందుపళ్లు ఊగిసలాడుతూ నా దగ్గరికి వచ్చిన పిల్లవాడి చిగురు తెరిచి రబ్బరు బయటికి తీశాం. పళ్లు మాత్రం నిలబెట్టలేకపోయాం.

యువ డాక్టర్లూ, చిన్నపిల్లల్లో రెండు ముందుపళ్ల చుట్టూ మాత్రమే కారణం లేకుండా ఎముక కరిగి కనిపిస్తే, రబ్బరు ఏమైనా వేసుకున్నావా అని అడగండి. తల్లిదండ్రులు లేనప్పుడు మరోసారి అడగండి. దవడపళ్ల మధ్య మనమే పెట్టే సందు రబ్బర్లను ఎన్ని పెట్టామో, ఎన్ని తీశామో కేసు షీటులో రాసుకోండి. తల్లిదండ్రులారా, మీ పిల్లల పంటికి వేసుకున్న రబ్బరు కనిపించకుండా పోతే మింగేసి ఉంటారని ఊరుకోకండి. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి చిగురు కింద వెతికించండి.